టైప్-2 మధుమేహానికి కొత్త మందులు: ఎంచుకునే ముందు తూచవలసినవి

దక్షిణ అండమాన్ జిల్లాలో, శ్రీ విజయపురం శివార్లలో గరాచర్మ పట్టణం ఉంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన రాజధాని ఇక్కడికి కూతవేటు దూరం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగును మాతృభాషగా పేర్కొన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే వారిలో అధికం. విశాఖపట్నం ఇక్కడికి సముద్రమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. తీరాంధ్రలో ఉన్న బంధువులకు వైద్యుడు రాసిన కొత్త మందు పేరు ఫోనులో ఇక్కడికి క్షణంలో చేరుతుంది. ఆ మందు చేరడానికి మాత్రం ఓడో, విమానమో కావాలి.

మధుమేహం మందుల విషయంలో ఈ తేడాకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. గడచిన కొన్నేళ్లలో టైప్-2 మధుమేహ చికిత్సలోకి కొత్త తరగతుల ఔషధాలు వచ్చాయి. కొన్నింటి ధర బాగా తగ్గింది. కొన్ని ఇంకా నెలకు వేల రూపాయల మాటే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. ఇంతమందికి సంబంధించిన ఈ విషయంలో కొత్త మందు వచ్చిందన్న కబురు ఒక్కటే సరిపోదు. అది ఎవరికి మేలు చేస్తుంది, ఎంత మేలు చేస్తుంది, ఏళ్ల తరబడి ఆగకుండా వాడగలమా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలియాలి.

చక్కెర అంకె ఒక్కటే కొలమానం కాదు

మధుమేహ చికిత్సను చాలామంది రక్తంలో చక్కెర అంకెతోనే కొలుస్తారు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష అవసరమే. అయితే మధుమేహం ప్రాణాల మీదకు తెచ్చేది ప్రధానంగా గుండె, మూత్రపిండాలు, మెదడుకు వెళ్లే రక్తనాళాల ద్వారా. కంటి రెటీనా, పాదాల నాడులు కూడా దెబ్బతింటాయి. కాబట్టి ఒక మందు చక్కెరను ఎంత తగ్గించింది అన్నదానితోపాటు గుండెపోటును, మూత్రపిండాల వైఫల్యాన్ని, మరణాన్ని తగ్గించిందా అని చూడాలి.

ఈ పాఠాన్ని వైద్యలోకం అనుభవం మీద నేర్చుకుంది. రోసిగ్లిటాజోన్ అనే మాత్ర చక్కెరను బాగానే తగ్గించేది. దాన్ని వాడేవారిలో గుండెపోటు ముప్పు పెరుగుతున్నదని 2007లో ఒక విశ్లేషణ హెచ్చరించింది. 2010లో ఐరోపా ఆ మందును నిలిపివేసింది, భారతదేశం నిషేధించింది. అమెరికా కఠిన ఆంక్షలు విధించి, మరోసారి ఆధారాలను పరిశీలించిన మీదట 2013లో వాటిని సడలించింది. ఈలోగా 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక నియమం తెచ్చింది. మధుమేహానికి వచ్చే ప్రతి కొత్త మందూ గుండెకు హాని చేయదని నిరూపించుకోవాలన్నది దాని సారాంశం. హాని లేదని చూపడానికి మొదలైన ఆ పరిశోధనల్లోనే కొన్ని మందులు గుండెను, మూత్రపిండాలను కాపాడుతున్నాయని తేలింది. నేటి కొత్త మందులకు విలువ వచ్చింది అక్కడి నుంచే.

పాత మందులు పక్కకు పోలేదు

మెట్‌ఫార్మిన్ 1950ల చివరి నుంచి వాడుకలో ఉంది. చవక, బరువు పెంచదు, ఒంటరిగా వాడినప్పుడు చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టడం అరుదు. నేటికీ ఎక్కువమందికి చికిత్స దీనితోనే మొదలవుతుంది. కడుపులో వికారం, విరేచనాలు కొందరిని బాధిస్తాయి. ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి-12 తగ్గవచ్చు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి మోతాదు తగ్గించాలి. మరీ తగ్గితే ఆపివేయాలి.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి సల్ఫోనైల్ యూరియా మాత్రలు కూడా చవకైనవే, చక్కెరను గట్టిగానే తగ్గిస్తాయి. అయితే భోజనం ఆలస్యమైతే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు దాని లక్షణాలు. ఏకాదశి, కార్తీక సోమవారం ఉపవాసాలు ఉండేవారు, వేకువన పడవెక్కి వేటకు వెళ్లేవారు ఈ మందు వాడుతున్నట్లయితే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. గుండె విషయంలో మాత్రం వీటిపై ఉన్న అనుమానం కొంత తొలగింది. గ్లిమిపిరైడ్‌ను లినాగ్లిప్టిన్ అనే కొత్త మాత్రతో పోల్చిన పెద్ద పరిశోధన 2019లో వెలువడింది. గుండె ముప్పులో రెండింటికీ తేడా కనబడలేదు. చక్కెర పడిపోవడం మాత్రం గ్లిమిపిరైడ్‌తోనే ఎక్కువ.

గ్లిప్టిన్‌లు: నెమ్మదైన మందులు

సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ వంటివి డీపీపీ-4 నిరోధకాలు. తిన్నప్పుడు పేగుల నుంచి విడుదలయ్యే సహజ హార్మోన్లు త్వరగా నశించకుండా ఇవి కాపాడతాయి. హెచ్‌బీఏ1సీని సాధారణంగా అర నుంచి ముప్పాతిక శాతం మేర తగ్గిస్తాయి. బరువు పెరగదు, ఒంటరిగా వాడితే చక్కెర పడిపోయే భయం తక్కువ. వృద్ధులకు ఇవి అనువైనవి. గుండెను, మూత్రపిండాలను ప్రత్యేకంగా రక్షించే గుణం మాత్రం వీటిలో రుజువు కాలేదు.

పేటెంట్ల గడువు తీరడంతో వీటి ధర దిగివచ్చింది. 2022లో జన ఔషధి కేంద్రాల్లో సిటాగ్లిప్టిన్ 50 మిల్లీగ్రాముల పది మాత్రలను 60 రూపాయలకు అందుబాటులోకి తెచ్చారు. అదే ఏడాది టెనెలిగ్లిప్టిన్‌కు జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో చోటు దక్కింది.

గ్లిఫ్లోజిన్‌లు: గుండెకు, మూత్రపిండాలకు అండ

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఎస్‌జీఎల్‌టీ-2 నిరోధకాల తరగతికి చెందినవి. వీటి మూలం ఆపిల్ చెట్టు బెరడులో ఉంది. 1835లో దాని నుంచి వేరుచేసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం మూత్రంలో చక్కెరను పోయేలా చేస్తుందని తరువాత తెలిసింది. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 గ్రాముల చక్కెరను వడగట్టి, దాదాపు మొత్తాన్నీ తిరిగి రక్తంలోకి చేర్చుకుంటాయి. గ్లిఫ్లోజిన్‌లు ఈ తిరుగు దారిని కొంతవరకు మూసివేస్తాయి. మిగులు చక్కెర, దానితోపాటు కొంత ఉప్పు, నీరు మూత్రంలో బయటకు పోతాయి.

చక్కెరను తగ్గించడంలో వీటి శక్తి మధ్యస్థమే. వీటి ప్రతిష్ఠ వేరే చోట ఉంది. మధుమేహంతోపాటు గుండె రక్తనాళాల జబ్బు ఉన్న సుమారు 7,000 మందిపై ఎంపాగ్లిఫ్లోజిన్‌ను పరీక్షించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం కూడా మూడో వంతుకు పైగా తగ్గింది. 2019లో కానాగ్లిఫ్లోజిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ తరగతిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ధర విషయంలోనూ ఇది మంచి కాలం. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిశాయి. అంతవరకు సుమారు 60 రూపాయలు పలికిన ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రకు బదులుగా పదిహేను రూపాయల లోపు జెనరిక్‌లు వచ్చాయి. కొన్ని పది రూపాయల లోపే ఉన్నాయి.

జాగ్రత్తలు కూడా తెలిసి ఉండాలి. మూత్రంలో చక్కెర పోవడం వల్ల జననాంగాల వద్ద బూజు తెగులు, దురద రావచ్చు. తేమ ఎక్కువగా ఉండే ద్వీప వాతావరణంలో శుభ్రత, పొడి బట్టలు అవసరం. ఎండలో చెమటోడ్చి పనిచేసేవారు, వాంతులు విరేచనాలతో బాధపడేవారు నీరసించి కళ్లు తిరిగి పడిపోవచ్చు. అరుదుగా కీటోయాసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి ఏర్పడుతుంది. అప్పుడు రక్తంలో చక్కెర పెద్దగా పెరగకపోవచ్చు కూడా. అందుకే దాన్ని గుర్తించడం కష్టం. విడవని వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, వాడుతున్న మందు పేరు చెప్పాలి. జ్వరంతో అన్నం నీళ్లు సహించని రోజుల్లో, కఠిన ఉపవాసాలప్పుడు, శస్త్రచికిత్సకు మూడు నాలుగు రోజుల ముందు వైద్యుడి సలహాతో వీటిని ఆపుతారు.

వారానికొక సూది: జీఎల్‌పీ-1 మందులు

అందరి నోటా నానుతున్నవి ఈ మందులే. తిన్న తరువాత పేగుల నుంచి వెలువడే జీఎల్‌పీ-1 హార్మోనును ఇవి అనుకరిస్తాయి. చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిన్‌ను ప్రేరేపిస్తాయి. కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేస్తాయి. ఆకలిని తగ్గిస్తాయి. ఈ తరగతిలో తొలి మందు 2005లో అమెరికాలో వచ్చింది. సెమాగ్లూటైడ్ మాత్ర రూపంలో రైబెల్సస్ పేరుతో 2022లో, వారానికొకసారి తీసుకునే ఒజెంపిక్ సూదిమందుగా 2025 డిసెంబరులో భారత మార్కెట్‌లోకి ప్రవేశించింది. జీఎల్‌పీ-1తోపాటు జీఐపీ అనే మరో హార్మోనును కూడా అనుకరించే టిర్జెపటైడ్, మౌంజారో పేరుతో 2025 మార్చిలో వచ్చింది.

చక్కెరను, బరువును తగ్గించడంలో వీటికి సాటివచ్చే మందులు తక్కువ. 2021లో వెలువడిన ఒక పోలికలో టిర్జెపటైడ్ మోతాదును బట్టి హెచ్‌బీఏ1సీని 2.0 నుంచి 2.3 శాతం మేర, సెమాగ్లూటైడ్ 1 మిల్లీగ్రాము 1.9 శాతం మేర తగ్గించాయి. మధుమేహంతోపాటు మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో సెమాగ్లూటైడ్ తీవ్ర పరిణామాలను 24 శాతం తగ్గించినట్లు 2024లో మరో పరిశోధన చూపింది.

వికారం, వాంతులు, మలబద్ధకం తరచుగా కనిపించే ఇబ్బందులు. మోతాదును నెలల వ్యవధిలో మెల్లగా పెంచితే ఇవి చాలావరకు సర్దుకుంటాయి. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కంటి రెటీనా ఇప్పటికే దెబ్బతిన్నవారిలో చక్కెర వేగంగా తగ్గితే చూపు సమస్య ముదిరే అవకాశం ఉంది. ముందుగా కంటి పరీక్ష చేయించుకోవాలి. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారు, ఆ కుటుంబ చరిత్ర ఉన్నవారు వీటిని వాడకూడదు. గర్భిణులకు ఇవి గాని, గ్లిఫ్లోజిన్‌లు గాని ఇవ్వరు. బరువుతోపాటు కండ కూడా తరిగిపోతుంది కనుక సన్నగా ఉన్న వృద్ధుల విషయంలో మరింత ఆలోచించాలి.

ఇక ధర. మార్కెట్‌లోకి వచ్చినప్పుడు మౌంజారో ప్రారంభ మోతాదు వయల్ ఒక్కటి 3,500 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 14,000. ఒజెంపిక్ ప్రారంభ మోతాదు నెలకు 8,800 రూపాయలతో మొదలైంది. సెమాగ్లూటైడ్‌పై భారతదేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. గడువు తీరాక దేశీయ జెనరిక్‌లకు దారి ఏర్పడుతుంది కాబట్టి పాత ధరను మనసులో పెట్టుకుని నిర్ణయించకుండా, కొనే నాటి ధరను విచారించాలి.

శాతాలను చదివే తీరు

కొత్త మందుల ప్రచారంలో శాతాలు పెద్దవిగా కనిపిస్తాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ పరిశోధననే తీసుకుందాం. గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయన్న మాట నిజం. ఆ అంకెల వెనుక ఉన్న మనుషులను లెక్కిస్తే, సుమారు మూడేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న ప్రతి వందమందిలో ఆరుగురు, అసలు మందు వేసుకున్న వందమందిలో నలుగురు గుండె జబ్బుతో చనిపోయారు. అంటే వందమందిలో ఇద్దరి ప్రాణాలు నిలిచాయి. ఇది చిన్న మేలేమీ కాదు. అయితే వారంతా అప్పటికే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారు. గుండె, మూత్రపిండాలు చక్కగా ఉన్న నలభై ఏళ్ల వ్యక్తికి ముప్పే తక్కువ కాబట్టి అదే మందు వల్ల అంతకాలంలో కలిగే మేలు కూడా తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే తర్కాన్ని పాటించింది. 2025 సెప్టెంబరులో సెమాగ్లూటైడ్, దులాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్, టిర్జెపటైడ్‌లను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మధుమేహంతోపాటు గుండె లేదా మూత్రపిండాల జబ్బు, దానికి తోడు స్థూలకాయం ఉన్నవారి కోసమే వాటిని సూచించింది.

ద్వీపంలో తూచవలసిన మరికొన్ని

ప్రధాన భూభాగపు నగరంలో మందు దొరకకపోతే పక్క వీధి దుకాణానికి వెళతారు. ద్వీపాల్లో వాతావరణం చెడి ఓడలు నిలిచిపోతే సరఫరా ఆలస్యమవుతుంది. గరాచర్మవాసులకు శ్రీ విజయపురంలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి, మందుల దుకాణాలు దగ్గరే. లిటిల్ అండమాన్, కార్ నికోబార్ వంటి దీవుల్లో ఉండేవారికి మధ్యలో సముద్రం ఉంది. కాబట్టి ఏ మందు మొదలుపెట్టినా కనీసం రెండు మూడు వారాల నిల్వ ఇంట్లో ఉంచుకోవడం మేలు.

సూదిమందులకు శీతల నిల్వ మరో షరతు. తెరవని ఇన్సులిన్‌ను, జీఎల్‌పీ-1 మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వరాదు. వాడుకలో ఉన్న ఒజెంపిక్ పెన్నును 30 డిగ్రీలు మించని చోట 56 రోజుల వరకు, తెరవని మౌంజారోను 21 రోజుల వరకు ఫ్రిజ్ బయట ఉంచవచ్చు. అండమాన్‌లో పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ముప్ఫై డిగ్రీల చుట్టే తిరుగుతుంది. రేకుల కప్పు కింద గదిలో వేడి ఆ హద్దు దాటుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్‌ను తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో పెట్టే పద్ధతి మన ఇళ్లకు తెలిసినదే. కొత్త సూదిమందులకు కూడా వేడి నుంచి అటువంటి రక్షణ కావాలి. ఈ చిక్కేదీ లేనివి మాత్రలు.

అన్నిటికంటే ముఖ్యమైనది కొనసాగింపు. మధుమేహం లేని స్థూలకాయులపై జరిగిన ఒక పరిశోధనలో సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మధుమేహంలోనైతే మందు ఆపగానే చక్కెర కూడా మళ్లీ పెరుగుతుంది. అప్పుచేసి మూడు నెలలు ఖరీదైన సూది వేయించుకుని, ఆ తరువాత అదీ లేక, చవకైన పాత మాత్రా మానేసిన ఇంట్లో నష్టం రెండింతలు.

ఇద్దరికి రెండు దారులు

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకుందాం. మొదటి వ్యక్తికి 45 ఏళ్లు. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. హెచ్‌బీఏ1సీ 7.6. గుండె, మూత్రపిండాలు బాగున్నాయి. బరువు కొద్దిగా ఎక్కువ. ఆయనకు ఆహారంలో అన్నం పరిమాణం తగ్గించడం, రోజూ నడక, అవసరమైతే జెనరిక్ గ్లిఫ్లోజిన్ లేదా గ్లిప్టిన్ చేర్చడం సరిపోవచ్చు.

రెండో వ్యక్తికి 58 ఏళ్లు. గతంలో గుండెపోటు వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. స్థూలకాయం ఉంది. ఆమెకు చక్కెర అదుపులో ఉన్నట్లు కనిపించినా గ్లిఫ్లోజిన్ గురించి వైద్యుడితో తప్పక మాట్లాడాలి. స్తోమత, నిల్వ వసతి ఉంటే జీఎల్‌పీ-1 మందు ఖర్చుకు తగిన ప్రతిఫలం ఇచ్చేది ఇటువంటి వారికే. ఒకే ఇంట్లో ఈ ఇద్దరూ ఉన్నా ఒకరి మందు మరొకరికి నప్పదు.

వైద్యుడిని అడగవలసిన ప్రశ్నలు

కొత్త మందు రాసినప్పుడు ఈ కింది విషయాలు అడిగి తెలుసుకోవాలి.

• ఈ మందు నాకు చక్కెర కోసమా, గుండె కోసమా, మూత్రపిండాల కోసమా, బరువు కోసమా?
• మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కంటి పరీక్షలు అవసరమా?
• ప్రస్తుతం వాడుతున్న వాటిలో ఏది ఆపాలి, దేని మోతాదు తగ్గించాలి? సల్ఫోనైల్ యూరియా లేదా ఇన్సులిన్ వాడేవారు ఇది తప్పక అడగాలి.
• పూర్తి మోతాదుకు చేరాక నెలకు ఎంత ఖర్చవుతుంది? జెనరిక్ ఉందా? జన ఔషధి కేంద్రంలో దొరుకుతుందా?
• జ్వరం, వాంతులు, ఉపవాసం, దూర ప్రయాణం ఉన్న రోజుల్లో ఏం చేయాలి?
• ఎన్ని నెలల తరువాత ఫలితం చూసి, కొనసాగించాలో మానాలో నిర్ణయిస్తారు?

నిపుణుడు దగ్గర లేనివారు ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా దూరం నుంచే వైద్య సలహా పొందవచ్చు. ముప్ఫై ఏళ్లు దాటినవారికి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మధుమేహం, రక్తపోటు పరీక్షలు చేస్తారు. చీటీ లేకుండా, బిల్లు లేకుండా, ఆన్‌లైన్‌లో అతి చవకగా వస్తున్నదని సూదిమందు కొనరాదు. నకిలీ సెమాగ్లూటైడ్ చలామణిలో ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది.

కొత్త మందులు మధుమేహ చికిత్సకు నిజమైన బలాన్ని ఇచ్చాయి. వాటిలో గుండెను, మూత్రపిండాలను కాపాడే మాత్రలు ఇప్పుడు సామాన్యుడికీ అందే ధరకు వచ్చాయి. అర్హులైన చాలామందికి ఆ సంగతి ఇంకా తెలియదు. ఖరీదైన సూది అందలేదని దిగులుపడే ముందు, అందుబాటులో ఉన్న ఈ మాత్ర తమకు అవసరమా అని అడగడం మంచిది. ఏ మందునైనా వైద్యుడి సలహాతోనే మొదలుపెట్టాలి, ఆయన సలహాతోనే ఆపాలి.